చేతిలో పట్టుకుని ఎవరైనా వాడి చూశారా?

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే చేతి గేమింగ్ పరికరం ఒకటి కొన్నాను. ప్రాసెసర్ బాగుంది, బటన్లూ బాగున్నాయి. సెట్టింగ్స్ తెరిస్తే మాత్రం ఒక్క ముక్క చదవలేను. పెద్ద మానిటర్ కోసం గీసిన మెనూని ఉన్నదున్నట్టు 7 అంగుళాల తెరలోకి కుదించేశారు. వైఫై పాస్‌వర్డ్ కొడదామంటే, తెర మీదకొచ్చే కీబోర్డు సరిగ్గా ఆ పెట్టెనే కప్పేస్తుంది!

ఆన్ చేయగానే అక్షరాలు పక్కకి పడిపోయి కనిపిస్తాయి. కారణం తెలుసు: నిలువు ప్యానెల్‌ని అడ్డంగా తిప్పి బిగించారు. ఇది చాలా పరికరాల్లో ఉన్నదే. ఏ మోడల్ తెరని ఎటు తిప్పాలో చెప్పే పట్టిక లైనక్స్‌కి మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంది. అందులో ఒక్క ఎంట్రీ చేర్చి పంపడానికి తయారీదారుకి తీరిక దొరకలేదా?

అన్నిటికంటే స్లీప్‌తోనే నా బాధ. రాత్రి పవర్ బటన్ నొక్కి పక్కన పెడితే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. సేవ్ చేయని ఆట పోయినట్టే. రోజూ ఇదే టెన్షన్. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ పరికరంలో ఉన్నదీ లైనక్సే, తెర కూడా 7 అంగుళాలే. అందులో బటన్ నొక్కితే ఆట ఎక్కడ ఆగిందో మళ్లీ అక్కడి నుంచే సాగుతుంది. అంటే చేతకాని పనేమీ కాదు. అమ్మకానికి పెట్టే ముందు ఒక్క వారం మీరే వాడి చూడండి, దయచేసి.