శ్రీ సంసద్ మార్గ్ క్షేత్ర మాహాత్మ్యం

దేశంలోని పుణ్యక్షేత్రాల జాబితా సవరించాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. కాశీ, రామేశ్వరం, అజ్మీర్, వేళాంకణ్ణి వగైరాలకు ఎవరి భక్తి కొద్దీ వాళ్లు వెళ్తారు. వెళ్లకపోతే అడిగేవాడు లేడు. అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ చట్టప్రకారం శరణు వేడి తీరాల్సిన క్షేత్రం మాత్రం ఒక్కటే ఉంది. 11, సంసద్ మార్గ్, న్యూఢిల్లీ. స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి.

మీరు పార్వతీపురం కొండల్లో అనాథాశ్రమం నడుపుతున్నారా? ఆదిలాబాద్ గూడేల్లో బాలింతలకు పప్పూ ఉప్పూ పంచుతున్నారా? మీకు బయటి దేశం నుంచి ఎవరైనా పది రూపాయలు పంపితే, విదేశీ విరాళాల చట్టం ప్రకారం ఆ పదీ ముందు సంసద్ మార్గ్‌లో దిగి, అక్కడ శుద్ధి పొంది, ఆ తర్వాతే మీ ఊరు బయల్దేరాలి. వేరే బ్యాంకులో దిగితే తప్పు. అదే బ్యాంకు వేరే బ్రాంచిలో దిగినా తప్పే. గుడి, మసీదు, చర్చి, కుష్ఠురోగుల ఆసుపత్రి, మూగ పిల్లల బడి, అందరికీ ఒకటే గడప. సర్వమత సమానత్వం ఇంత పకడ్బందీగా ఇంకెక్కడైనా అమలవుతోందంటే నేను నమ్మను.

క్షేత్రమన్నాక స్థలపురాణం ఉండాలి కదా. ఉంది, వినండి.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు చెప్పి, అర్ధరాత్రి దేశానికి తాళం వేశారు. గుళ్లూ మసీదులూ చర్చిలూ మూతపడ్డాయి. వలస కూలీలు పిల్లల్ని భుజాలకెత్తుకుని జాతీయ రహదారులెక్కారు. బియ్యం గోదాముల్లో ఉంది, ఆకలి రోడ్డు మీద ఉంది, రెండింటికీ మధ్య ప్రభుత్వం ఉంది. అప్పుడు ఢిల్లీకి స్వచ్ఛంద సంస్థలు గుర్తొచ్చాయి. నీతి ఆయోగ్ ఏకంగా 92 వేల పైచిలుకు సంస్థలకు సాయానికి రమ్మని ఉత్తరాలు రాసింది. వాళ్లు వచ్చారు. ఉత్తరం అందనివాళ్లూ వచ్చారు. మేడ్చల్ దగ్గర హైవే పక్కన గిన్నెలు దించి, నడిచి పోతున్నవాళ్లకు అన్నం పెట్టినవాళ్లని ఆ వేసవిలో చాలామంది చూశారు. గురుద్వారాల్లో లంగర్ ఆగలేదు. ప్రార్థన లేని మసీదుల్లో పొయ్యి వెలిగింది. ఆరాధన లేని చర్చి హాళ్లలో బియ్యం బస్తాలు చేరాయి. పెట్టేవాడి పరిస్థితీ గొప్పగా ఏమీ లేదు. పళ్లెంలో దక్షిణ పడక, కానుకల పెట్టె నిండక వాళ్ల ఇళ్లలోనే పొయ్యి అంతంతమాత్రం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మే నెలలో అర్చకులకు, ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు తలా 5 వేలు ఒక్కసారి ఇచ్చింది. ఇవ్వనివాళ్లతో పోలిస్తే మేలే, కాదనను.

ఆరు నెలలు తిరిగేసరికి ఢిల్లీ కృతజ్ఞత తీర్చుకుంది. సెప్టెంబరు 20న లోక్‌సభలో బిల్లు. 21న అక్కడ ఆమోదం. 23న రాజ్యసభలో ఆమోదం. 28న రాష్ట్రపతి సంతకం. 29న అమలు. దేశంలో రోజుకు 80, 90 వేల కొత్త కేసులు వస్తున్న రోజులవి. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయమే ఎత్తేశారు, కరోనా కదా. అంత కరోనాలోనూ తొమ్మిది రోజుల్లో అరంగేట్రం చేసింది విదేశీ విరాళాల చట్టానికి, అంటే ఎఫ్‌సీఆర్‌ఏకి సవరణ. అన్నం పెట్టిన చెయ్యి శుభ్రంగా ఉందో లేదో చూడాలి మరి. శానిటైజర్ల కాలం.

ఈ సవరణలో రసవత్తరమైన ఘట్టాలు మూడు. సంసద్ మార్గ్ ఖాతా ఒకటి. రెండోది, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఇదివరకు ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థకి ఇవ్వనిచ్చేవారు. ఇప్పుడు ఎవరికీ వీల్లేదు. హైదరాబాద్‌లో ఆఫీసున్న పెద్ద సంస్థ దగ్గర డబ్బుంటుంది. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలిసిన చిన్న సంఘం ఊళ్లో ఉంటుంది. ఆ ఇద్దరికీ మధ్య గోడ కట్టారు. మూడోది, పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి కోత. వినడానికి బాగానే ఉంది, ఏసీ రూముల్లో కూర్చుని తినేవాళ్లకి బుద్ధొస్తుందని మీరనుకోవచ్చు. రూల్సులో పరిపాలన ఖర్చంటే ఏమిటో చూడండి. ఆఫీసు అద్దె, లెక్కలు రాసే మనిషి, ప్రభుత్వం అడిగిన రిపోర్టులు తయారుచేసే ఖర్చు, వాహనాలు నడిపే ఖర్చు. అంటే బియ్యం సేవ, బియ్యం తీసుకెళ్లే బండి పరిపాలన. బస్తా తనంతట తాను అరకు ఘాట్ రోడ్డు ఎక్కాలి. లెక్కలు పక్కాగా ఉండాలి, లెక్కలు రాసేవాడికి మాత్రం జీతం ఇవ్వడానికి వెనకాడాలి.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఖాతా తెరవడానికి ఢిల్లీ రానక్కర్లేదు, మీ దగ్గర్లోని స్టేట్ బ్యాంకులోనే కాగితాలివ్వచ్చు అని హోం శాఖ సెలవిచ్చింది. భక్తుడు కొండెక్కనక్కర్లేదు, కాగితాలు ఎక్కితే చాలు. అయినా నాకెందుకో మనుషులే ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది. ఆ బ్రాంచి ముందు క్యూ, మీటరుకొక సున్నపు గుండ్రం, గుండ్రానికొక మనిషి. కోనసీమ పాస్టరుగారు. కడప నుంచి దర్గా ముతవల్లిగారు. ఆయన వెనక, కిరీటం మీద తువ్వాలు చుట్టుకున్న ఒక నల్లనయ్య. ఆయన వంతు వచ్చింది. కౌంటర్లో గుమస్తా తలెత్తి చూశాడు.

"మాస్కు ముక్కుకి పెట్టుకోవాలండీ, కళ్లకి కాదు."

"అది మాస్కు కాదు నాయనా, నామం."

"సరే, పేరు?"

"వెయ్యి ఉన్నాయి."

"ఆధార్‌లో ఏదుంటే అది చెప్పండి. స్పెల్లింగు తేడా వస్తే వెనక్కొస్తుంది. అడ్రసు?"

"ఏడుకొండలు."

"ఏడు అడ్రసులు సిస్టం తీసుకోదు. ఒక కొండ చెప్పండి. ఈ మూటేంటి?"

"డాలర్లు. హుండీలో వేశారు."

"ఎవరు?"

"మొక్కుకున్నవాళ్లు. పేరు రాసి వెయ్యరు కదా నాయనా. చాలామంది పేరు చెప్పుకోవడం ఇష్టంలేకే వేస్తారు."

"పేరు చెప్పడానికి ఇష్టపడని దాత," అని గుమస్తా రాసుకున్నాడు. కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. "అప్పులేమైనా ఉన్నాయా?"

"పెళ్లికి చేశాను. కుబేరుడి దగ్గర."

"ఆయనదే ఊరు?"

"అలకాపురి. కైలాసం పక్కనే."

గుమస్తా ఫోన్లో మ్యాపు తీశాడు. కైలాసం ఎక్కడుందో చూశాడు. చెమట పట్టింది. "సార్! చైనా ఫండింగ్!" అని లోపలికి కేకేశాడు. పాస్టరుగారూ ముతవల్లిగారూ ఆ నల్లనయ్యకి రెండు గుండ్రాలు దూరం జరిగారు, మనకెందుకొచ్చిన టెన్షన్ అని. మేనేజరు స్వయంగా వచ్చి కూర్చున్నారు.

"వడ్డీ కడుతున్నారా?"

"కలియుగం అయ్యేదాకా కడతానని రాసిచ్చాను."

"ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను వేస్తున్నారా?"

"లెక్కలు మా అన్నయ్య గోవిందరాజులు చూస్తాడు. కింద తిరుపతిలో ఉంటాడు."

"పిలిపించండి."

"కొలిచి కొలిచి అలసిపోయి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడు."

"ముఖ్య బాధ్యుడు విధుల్లో నిద్ర," రాసుకున్నారు. "వాహనాలున్నాయా?"

"పెద్దశేషుడు, చిన్నశేషుడు, హంస, సింహం, గరుడుడు, హనుమంతుడు, గజం, సూర్యప్రభ, చంద్రప్రభ, అశ్వం..."

"ఆగండాగండి. వాహనాలకే 20 శాతం దాటిపోయేలా ఉంది. పైగా కొన్ని రాత్రిపూట కూడా తిప్పుతున్నారట."

"పంచమీ తీర్థం నాడు అమ్మవారికి తిరుచానూరు సారె పంపుతాను, అదీ రాసుకోండి. రేపు దాచానంటారు."

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి బదలాయింపు. సెక్షన్ 7. కుదరదు."

"ఆవిడ నా భార్య!"

"అయితే ఇంకా ప్రమాదం. సర్వరు డౌనయింది, భోజనాలయ్యాక రండి."

ఇదంతా నా పైత్యమని కొట్టిపారేయకండి. తిరుమల హుండీలో పడిన విదేశీ నోట్లు, 26 కోట్ల రూపాయల పైన విలువైనవి, వేసినవాళ్లెవరో తెలియదు కాబట్టి జమ చేసుకోలేమని బ్యాంకు ఆపిన సంగతి 2023లో బయటపడింది. ఎఫ్‌సీఆర్‌ఏ నిబంధనల కింద దేవస్థానానికి కేంద్ర హోం శాఖ కోట్లలో జరిమానా వేసింది. సాక్షాత్తూ వడ్డీకాసులవాడికే ఈ మర్యాద జరిగితే, పాడేరులో పాతికమంది పిల్లల్ని సాకే హాస్టలు సంగతి మీరే ఊహించుకోండి.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. 2021 దగ్గర నాకు నవ్వు రాదు.

కొత్త ఖాతా తెరవడానికి గడువు ఆ ఏడాది మార్చి 31. ఏప్రిల్ 1 నుంచి, సంసద్ మార్గ్ ఖాతా తెరుచుకోని ఏ సంస్థా బయటి నుంచి ఒక్క డాలరు పుచ్చుకోవడానికి వీల్లేదు. ఏప్రిల్ 1! సెకండ్ వేవ్ విరుచుకుపడింది సరిగ్గా ఆ నెలలోనే. అమెరికాలో మన తెలుగు సంఘాలు, గుళ్లు, చర్చిలు చందాలెత్తి ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొన్నాయి. ఇక్కడ మనుషులు మంచాల మీద, ఆటోల్లో, ఆసుపత్రి మెట్ల మీద ఊపిరి కోసం కొట్టుకుంటున్నారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మే 10 రాత్రి ప్రభుత్వ లెక్కలోనే 11 మంది ఆక్సిజన్ అందక పోయారు. అక్కడ ఆలస్యమైంది ట్యాంకరు, దానికి ఈ చట్టం కారణమని నేననను. కానీ ఆ రోజుల్లోనే, యంత్రానికి డబ్బు పంపుతాం తీసుకోండి అని దాత అంటుంటే, మాకింకా ఢిల్లీ ఖాతా రాలేదండీ అని చెప్పాల్సిన గతి పట్టించారు. రిజిస్ట్రేషనే లేని చిన్న సంఘం ఆ మాటా అనలేదు. వస్తువు రూపంలో ఇచ్చినా విరాళం విరాళమే. మా దగ్గర పది యంత్రాలున్నాయి, పక్క మండలంలో సంఘానికి రెండిస్తామని ఒక సంస్థ అనడానికీ లేదు. బదలాయింపు!

ఇందులో ఇంకో తమాషా ఉంది. న్యూజెర్సీలో అన్నదమ్ములిద్దరున్నారనుకోండి. అన్నది గ్రీన్‌కార్డు, అంటే ఇంకా మన పౌరుడే. బ్యాంకు ద్వారా అతను పంపిన వంద డాలర్లు స్వదేశీ. తమ్ముడు సిటిజన్‌షిప్ తీసుకున్నాడు. అతని వంద విదేశీ నిధి. ఇద్దరి తల్లీ గుంటూరులో ఒకే మంచం మీద దగ్గుతోంది.

మే 18న ప్రభుత్వానికి జాలి కలిగింది. గడువు జూన్ 30 దాకా పొడిగించారు. రోజుకు 4 వేల పైన మరణాలు లెక్కలకెక్కుతున్న వారం అది. ఏడు వారాలు! ఆ ఏడు వారాల్లో ఎంతమంది ఊపిరి ఆగిందో, అందులో ఎందరి దగ్గరికి ఒక యంత్రం చేరి ఉండేదో ఎవరు లెక్క కట్టారు? కట్టరు. అది పరిపాలన ఖర్చు కిందికి వస్తుంది.

తర్వాత 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఈ సవరణలు సబబేనంది. సంస్థ బాధ్యులు ఆధార్ ఇచ్చి తీరాలన్న దగ్గర మాత్రం, పాస్‌పోర్టు చూపినా చాలని సడలించింది. విదేశీ విరాళాన్ని ఔషధ గుణమున్న మత్తుపదార్థంతో పోల్చింది కూడా. మేడ్చల్ రోడ్డు మీద పెట్టిన పులిహోరలో అంత కిక్కు ఉందని తిన్నవాళ్లెవరూ చెప్పలేదు.

పోనీ, అనుమానం మంచిదే, దేశభద్రత ముఖ్యం, ప్రతి దాతా పేరు చెప్పాల్సిందే అనుకుందాం. 2020 మార్చి 27న పీఎం కేర్స్ అనే నిధి పుట్టింది. కంపెనీలు దానికిస్తే సామాజిక బాధ్యత ఖర్చు కింద లెక్క. ముఖ్యమంత్రి సహాయనిధికిస్తే కాదు. సమాచార హక్కు కింద అడిగితే, అది ప్రభుత్వ సంస్థ కాదు పొమ్మన్నారు. విదేశీ విరాళాల చట్టం నుంచి దానికి మినహాయింపు ఉంది. దాని ఖాతా ఉన్నదీ స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోనే, మన స్వామివారు నిలబడ్డ కౌంటర్ అవతల. పుట్టిన మొదటి ఐదు రోజుల్లో, మార్చి 31 లోపు, ఆ ఖాతాలో 3,076 కోట్ల రూపాయలు పడ్డాయి. బయటపెట్టిన లెక్కలో ఆ అంకె ఉంది. వేసినవాళ్ల పేర్లు లేవు.