పాజ్ బటన్‌కు బలైన గొంతులు

రేడియో పెద్దల్లో ఎవరైనా కన్నుమూస్తే మన తెలుగు సంఘాల పత్రికల్లో అరపేజీ నివాళి వస్తుంది. ఫోటో, పుట్టిన ఊరు, అందుకున్న బిరుదులు, ఆఖర్న "ఆ గొంతు మూగబోయింది" అన్న మాట. ఆ గొంతు వినాలంటే ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ రాయరు. రచయిత పోయినా పుస్తకం ఉంటుంది, నటుడు పోయినా సినిమా ఉంటుంది. అనౌన్సరుకీ న్యూస్ రీడరుకీ మిగిలేది టేపు ఒక్కటే. చాలామందికి అదీ మిగల్లేదు.

కారణాలు రెండు. స్టూడియోలో టేపు ఖరీదైన సరుకు. ప్రసారమయ్యాక చెరిపేసి దానిమీదే ఇంకోటి రికార్డు చేయడం మామూలు. వార్తలు, అనౌన్స్‌మెంట్లు లైవే కాబట్టి చదివినంతలోనే గాలిలో కలిసిపోయాయి. రెండో కారణం మన ఇళ్లలోది. టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసినది) ముందు కూర్చున్నవాళ్లు పాట కోసం కూర్చున్నారు. అనౌన్సరు నోరు విప్పగానే పాజ్ నొక్కారు. కొలంబో రేడియో నుంచి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై వేసిన తెలుగు పాటలు దాచుకున్నవాళ్లు బోలెడు మంది, ఆవిడ మాట దాచుకున్నవాళ్లు బహు తక్కువ.

ఆ గొంతులు ఉన్నాయంటే ఈ పాత క్యాసెట్ల అంచుల్లోనే ఉన్నాయి. పాటకు ముందు రెండు సెకన్లు, పాట అయ్యాక వేలు పాజ్ మీదికి చేరేలోపు ఓ అరవాక్యం. ఇప్పుడు డిజిటైజ్ చేస్తున్న పిల్లలు "క్లీన్ చేశాం" అంటూ ముందు కత్తిరిస్తున్నది సరిగ్గా ఆ అంచుల్నే. సంఘాలు రేడియోవాళ్లను నిజంగా తలుచుకోవాలనుకుంటే శాలువాల పద్దులోంచి కొంత తీసి ఈ క్యాసెట్ల మీద పెట్టాలి. పాటలు ఎలాగూ దొరుకుతాయి, వాటి సంగతి తర్వాత చూడొచ్చు.

పేరున్నవాళ్ల విషయంలోనూ మిగిలింది సగమే. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి ఆ కేంద్రం ప్రసారం చేసిన తెలుగు పాట ఆయన రాసి స్వరపరిచిందే. విజయవాడ రేడియో భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజని అనగానే గుర్తొచ్చేదీ ఆయన పేరే. ఆ పాటలు కొన్ని మిగిలాయి. ఉషశ్రీ గారు రేడియోలో చెప్పిన రామాయణ భారతాలూ దొరుకుతున్నాయి. ఆదివారం ధర్మసందేహాల్లో శ్రోత ఉత్తరం విప్పి జవాబు చెప్పే ఉషశ్రీ కావాలంటే మాత్రం ఇళ్లలో వెతకాల్సిందే. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే పిల్లల కార్యక్రమాల రేడియో అన్నయ్య, అక్కయ్యల విషయమూ అంతే. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన కపిల కాశీపతి, పన్యాల రంగనాథరావు, జోలెపాళెం మంగమ్మ, అద్దంకి మన్నార్ల పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. గొంతు వినిపించమంటే కష్టం.

అనౌన్సరంటే పాట పేరు చెప్పే మనిషి అనుకుంటారు చాలామంది. ఎదురుగా ఏది ఎప్పుడో రాసిన క్యూషీట్, పక్కన రికార్డు ప్లేయర్లు, చేతికింద శబ్దం పెంచి తగ్గించే ఫేడర్. నాటకం నిమిషం ముందే అయిపోతే ఆ ఖాళీని ఫిల్లర్‌తో నింపి, ఢిల్లీ వార్తల రిలేకి సెకను తేడా రాకుండా అప్పగించాలి. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడలోనూ, దక్కన్ రేడియోని 1950లో ఆకాశవాణిలో కలిపిన హైదరాబాద్‌లోనూ ఈ పని రోజూ జరిగింది. నిలయ కళాకారులైతే, అంటే కేంద్రంలోనే ఉద్యోగం చేసే నటులైతే, మరీనూ. విజయవాడలో నండూరి సుబ్బారావు, హైదరాబాద్‌లో శారదా శ్రీనివాసన్ లాంటివాళ్లు బొమ్మ లేకుండా మనిషిని కళ్లముందు నిలబెట్టారు. ఆ పనితనం వింటే తప్ప అర్థం కాదు.

ఇక పని. పెట్టె తెరవగానే క్యాసెట్టు ప్లేయర్లో పెట్టొద్దు. ముందు వెలుతురులో చూడాలి. టేపు చుట్ట మీద తెల్లటి పొడి ఉంటే బూజు. దాన్ని ఆడిస్తే ప్లేయర్లో టేపుని చదివే హెడ్డు పాడవుతుంది, ఆ తర్వాత పెట్టే క్యాసెట్లకీ అంటుకుంటుంది. అలాంటివి విడిగా సంచిలో వేసి, చేయి తిరిగినవాళ్లకు ఇవ్వాలి. క్యాసెట్టు పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, వాటిని విరిచేయండి. పొరపాటున రికార్డు నొక్కినా చెరగదు. టేపు వెనక రాగిరేకు మీదుండే చిన్న ఫెల్టు ముక్క జిగురెండి రాలిపోతే, టేపు హెడ్డుకి ఆనక గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. టేపు చెడిపోయిందని పారేస్తారు చాలామంది. స్క్రూలున్న వేరే క్యాసెట్టు డొల్లలోకి చుట్ట మారిస్తే సరిపోతుంది. తెగితే, అతికించడానికని దొరికే స్ప్లైసింగ్ టేపే వాడాలి. సెల్లోటేపు జిగురు ఊరి పక్క చుట్టని పట్టేస్తుంది. సి-120 క్యాసెట్లు బాగా పల్చన, సాగుతాయి, మెషీన్ మింగేస్తుంది. వాటిని అటూ ఇటూ పరిగెత్తించకండి.

యూఎస్‌బీ వైరుతో వచ్చే చవక ప్లేయర్లు ఈ పనికి పనికిరావు. వేగం నిలకడగా ఉండదు. లైన్ అవుట్ ఉన్న పాత డెక్కు ఒకటి, బెల్టులు మార్పించి వాడాలి. హెడ్డుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, రబ్బరు రోలర్ని నీళ్లతో కాస్త తడిపిన దూదితో తుడవాలి. టేపు బుస తగ్గించే డాల్బీ ఆఫ్‌లో ఉండాలి, రేడియో నుంచి ఇంట్లో ఎక్కించినవాటిలో అది దాదాపు ఉండదు.

అందరూ వదిలేసేది, అసలు ప్రాణం ఉన్నది అజిమత్‌లో, అంటే టేపు మీద హెడ్డు ఆనే వాలులో. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. మీ అన్నయ్యగారి టూ-ఇన్-వన్ హెడ్డు ఏ వాలులో ఉండి రికార్డు చేసిందో, మీ డెక్కు హెడ్డు కూడా ఆ వాలుకి రావాలి. లేకపోతే పైస్థాయి ధ్వనులు పోతాయి. మీడియం వేవ్‌లో ఇంటి రేడియో దాకా వచ్చేదే దాదాపు 5 కిలోహెర్ట్జ్ వరకు. అందులోనూ పైభాగం పోతే శ, ష, స మూడూ ఒకటే అయి కూర్చుంటాయి. వాటిని తేడాగా పలికినందుకే ఆ మనుషులకు ఉద్యోగం ఇచ్చారు! మోనోలో పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, స్క్రూని పావు చుట్టు కూడా మించకుండా తిప్పుతూ సకారం ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్టుకీ మళ్లీ చేయాలి. విసుగు పనే.

తర్వాత వేగం. బ్యాటరీ నీరసించినప్పుడు రికార్డు చేస్తే టేపు నెమ్మదిగా నడిచి ఉంటుంది. ఇప్పుడు ఆడిస్తే గొంతు కీచుమంటుంది. కరెంటు మీద రికార్డు చేసినదైతే వెనక 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు రొద) సన్నగా ఉంటుంది. అది కంప్యూటర్లో 52 దగ్గర కనిపిస్తే 4 శాతం వేగం ఎక్కువన్నమాట. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇక్కడో సౌకర్యం: 60 దగ్గర కనిపించే హమ్ మీ ఇంటి కరెంటుది, 50 దగ్గరది ఆంధ్రా కరెంటుది. హమ్ లేకపోతే, ఆ క్యాసెట్టులోనే ఉన్న సినిమా పాటని గ్రామఫోన్ రికార్డు శ్రుతితో పోల్చి సరిచేయొచ్చు.

కంప్యూటర్‌లోకి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వావ్ ఫైలుగా, స్టీరియోలోనే తీసుకోండి. గంటకి ఒక జీబీ కాస్త పైన. ఒక ఛానల్ దెబ్బతిన్నా రెండోది అక్కరకొస్తుంది. శబ్దం ఎంత పెరిగినా మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. హిస్ (టేపు బుస) తీసే సాఫ్ట్‌వేర్ జోలికి మూలప్రతిలో అసలు పోవద్దు. హిస్‌తో పాటు సకారాన్నీ ఊడ్చేస్తుంది. కావాలంటే నకలు మీద చేసుకోండి.

ధ్వని ఎంత బాగున్నా పేరు లేకపోతే వృథా. క్యాసెట్టు రెండు వైపులూ, లోపలి కాగితమూ ఫోటో తీయాలి. ఫైలు పేరులో కేంద్రం, తేదీ, కార్యక్రమం, గొంతు వరసగా ఉండాలి. తేదీ తెలియకపోతే పక్కనే మిగిలిన వార్త ముక్కో, కొత్త సినిమా ప్రకటనో సంవత్సరం చెబుతుంది. గొంతు ఎవరిదో తేల్చడానికి పెద్దవాళ్లకు ముప్పై సెకన్ల ముక్కలు వినిపించండి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పకుండా. ఇద్దరు విడివిడిగా ఒకే పేరు చెబితే రాయండి. ఒక్కరే చెబితే "అంచనా" అని పక్కన పెట్టండి. ఈ పని మాత్రం వాయిదా వేయడానికి లేదు. టేపు ఇంకో పదేళ్లు ఉండొచ్చు, గుర్తుపట్టే చెవులు ఉండవు.

ఇండియా నుంచి క్యాసెట్లు తెచ్చేవాళ్లకు ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే భయం అక్కర్లేదు, దానివల్ల టేపుకి ఏమీ కాదు. స్పీకర్లు, అయస్కాంతాల పక్కన పెట్టకుండా ఉంటే చాలు. వేసవిలో అటకమీదా గరాజులోనూ వదిలేయడమే అసలు ప్రమాదం.

యూట్యూబ్‌లో పెట్టేయడానికి తొందరపడొద్దు. భారత చట్టం ప్రకారం ప్రసార సంస్థకు ప్రసారం మీద హక్కు 25 ఏళ్లు, సౌండ్ రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు. పాటల మీద హక్కులు వేరేవాళ్లవి. దాచడం ముందు, పంచడం అడిగాక. ఒక ప్రతి సంఘం దగ్గర, ఒకటి వేరే ఊళ్లో, ఒకటి ఆ కేంద్రానికి, ఒకటి ఆ కళాకారుల కుటుంబానికి వెళ్లాలి. కుటుంబానికి వాట్సాప్‌లో ఎంపీ3 పంపి చేతులు దులుపుకోకుండా కత్తిరించని వావ్ ఫైలే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, వాళ్లింట్లో పాత స్పూల్ టేపులేమైనా ఉన్నాయేమో కూడా అడగండి.