గాలి రెండు నిమిషాలు, సర్వే మూడు రోజులు

మొన్న సాయంత్రం పర్లాకిమిడి పక్కనున్న మా ఊళ్లో సుడిగాలి లేచింది, రెండు నిమిషాలు కూడా లేదు గానీ అటు పాతపట్నం వైపు వాళ్లకి రానిది మాకొచ్చిందని ఊరంతా గర్వంగానే ఉన్నాం. 2018 తుపానుకి తిత్లీ అని ముద్దుపేరైనా ఉంది. దీనికి అదీ లేదు. కనీసం కొలతలైనా రాయకపోతే ఎలా అని నేనూ మా మేనల్లుడూ టేపు పట్టుకుని బయల్దేరాం.

పడినవన్నీ ఒకే వైపు వాలితే అది ఉత్త ఈదురుగాలి. లోపలికి, ఎదురెదురుగా పడితేనే సుడిగాలి. మా అరటితోటలో పడమటి గట్టు చెట్లు తూర్పుకీ, తూర్పు గట్టువి పడమరకీ, వియ్యంకులు ఎదురుపడి వంగి దణ్ణాలు పెట్టుకున్నట్టు పడున్నాయి. కేసు తేలిపోయింది! ఇక వేగమంటారా, దాన్ని నేరుగా కొలిచేది తక్కువ, విరిగినవి చూసి అంచనా కడతారు. ఫుజిటా అనే ఆయన 1971లో పెట్టిన స్కేలుని తర్వాత సవరించారు, అందులో అడుగు మెట్టే గంటకి 105 నుంచి 137 కిలోమీటర్లు. మాది ఆ మెట్టు మీదైనా కాలు పెట్టిందో లేదో. (2009 మార్చి 31న కేంద్రపారా జిల్లా రాజ్‌కనికాలో లేచినది మనుషుల్నే పొట్టన పెట్టుకుంది, దాంతో పోలిక వద్దు.)

మొదటి రోజు లెక్క: నలభై అడుగుల వెడల్పు, ఫర్లాంగు పొడవు, అరటిచెట్లు, పనసచెట్టెక్కిన ఒక రేకు.

రెండో రోజు నుంచి గాలి దారి దానంతటదే పెరగడం మొదలెట్టింది. "మా ప్రహరీ కూడా రాసుకో నాన్నా" అంది పిన్ని. వెళ్లి చూస్తే విరిగిన చోట నాచు, పైన నా మోకాలెత్తు జిల్లేడు మొక్క. అది తిత్లీలో పడిన గోడ పిన్నీ అంటే, గాలి గాలేగా అంది. ఆ గోడ రాయాలంటే సుడిగాలి చెరువు దగ్గర కుడివైపు మళ్లాలి, సరే, మళ్లించాం. మూడో రోజుకి ఆ ఒక్క రేకుకి ముగ్గురు ఓనర్లు తేలారు.

1842లో అమెరికాలో లూమిస్ అనే ప్రొఫెసరు, ఎంత వేగానికి కోడి ఈకలు ఊడతాయో చూద్దామని చచ్చిన కోడిని ఫిరంగిలో పెట్టి పేల్చాడు. మాకు ఫిరంగి లేదు. బావ మాత్రం గుప్పెడు ఈకలు తెచ్చి, కోడిని గాలి కొట్టేసిందన్నాడు. మరి కోడేది బావా అంటే నవ్వాడు. వాళ్ల వంటింట్లోంచి అల్లం వెల్లుల్లి వాసన వస్తోంది.

నష్టాల్లో 'కోడి, ఒకటి' అని రాసుకుని ఆకులు వేసుకున్నాం.