జబ్బు దాణాలోనే ఉంది

అమెరికాలోని టెక్సస్, కాన్సస్, నెబ్రాస్కాల్లో మాంసం కోసం కోడెలను మేపే ఫీడ్‌లాట్లలో గడ్డి పేరుకే ఉంటుంది. చివరి నెలల మేపులో అది దాదాపు పదోవంతు, మిగిలినదాంట్లో చాలాభాగం మొక్కజొన్నే. కోడె త్వరగా ఒళ్లు చేసి కబేళా చేరాలి మరి. కానీ నెమరేసే జంతువు పొట్ట గడ్డికి అలవాటుపడినది. అంత గింజ పడితే ఆమ్లం పెరిగి పొట్టగోడ పుండవుతుంది. అక్కడి బ్యాక్టీరియా రక్తంలో కలిసి కాలేయంలో చీముగడ్డలు కడుతుంది. చాలా ఫీడ్‌లాట్లలో నూటికి 12 నుంచి 32 పశువులకు ఈ గడ్డలుంటాయని పరిశోధకులు లెక్కగట్టారు.

దీనికి విరుగుడుగా దాణా మార్చలేదు, దాణాలో టైలోసిన్ కలిపారు. గడ్డలు బాగానే తగ్గుతాయి, కాదనం. అయితే ఇది మాక్రోలైడ్ అనే కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్. మనవాళ్లు కాస్త గొంతునొప్పి వస్తే మందులషాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్‌కు దగ్గరి చుట్టం. పశువుల్లో దీన్ని తట్టుకోవడం నేర్చిన బ్యాక్టీరియా మనుషులకు చేరితే అజిత్రోమైసిన్‌కూ లొంగకపోవచ్చు, ఆ చుట్టరికం చేటు చేస్తుంది.

మనుషుల వైద్యానికి ముఖ్యమైన యాంటీబయాటిక్స్‌ను పశువుల బరువు పెంచడానికి వాడకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన కట్టడి 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. టైలోసిన్ మాత్రం ఆ కట్టడిని తప్పించుకుంది. అది బరువుకు కాదట, గడ్డలు తగ్గించడానికట! పశువైద్యుడి అనుమతి కాగితం ఒక్కటే అదనంగా వచ్చి చేరింది. మందు మాత్రం జబ్బుపడ్డ కోడెకే కాకుండా పశువుల మంద మొత్తానికీ నెలల తరబడి అందుతూనే ఉంది.

దాణాలో కలిపే ప్రతిదాన్నీ మేం తప్పుపట్టడం లేదు. 1970ల నుంచి వాడుతున్న మొనెన్సిన్ తక్కువ మేతతోనే అదే బరువు తెస్తుంది. మనుషుల వైద్యంలో దాని పని లేదు. (గుర్రం తింటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది, కలిపేవాళ్లకు ఆ టెన్షన్ తప్పదు.)

కండ పెంచే జిల్పటెరాల్ సంగతి చూడండి. అది తిన్న పశువులు కొన్ని నడవలేకపోతున్నాయంటూ 2013 ఆగస్టులో మాంసం కంపెనీ టైసన్ అలాంటి వాటిని కొనబోమంది. అదే నెలలో తయారీదారు మెర్క్ అమెరికాలో అమ్మకాలు ఆపేసింది. ప్రభుత్వ నిషేధం కోసం ఎవరూ ఎదురుచూడలేదు. టైలోసిన్ విషయంలోనూ మాంసం కంపెనీలు ఇలాగే గట్టిగా అడగాలి. ఎఫ్‌డీఏ కూడా ఎన్ని రోజులు వాడొచ్చో పరిమితి పెట్టాలి. దాణాలో గడ్డి వాటా పెంచితే కోడె బరువెక్కడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది, మాంసం ధరా కొంత పెరగొచ్చు. ఆ ఖర్చు తినేవాళ్లే భరించడం న్యాయమని మా అభిప్రాయం.