సవరణ: 2016లో కార్బిన్ పదవి పోలేదు

బ్రిటన్ లేబర్ పార్టీ కుమ్ములాటల మీద నిన్నటి పోస్టులో, 2016 అవిశ్వాసంతో జెరెమీ కార్బిన్ నాయకత్వం ఊడిందని ఉంది. ఊడలేదు. జూన్ 28న సొంత ఎంపీలే 172–40తో అవిశ్వాసం ప్రకటించిన మాట నిజం, కానీ పార్టీ నిబంధనల ప్రకారం ఆ ఓటుతో ఆయన దిగిపోనక్కర్లేదు. అసలు టెన్షన్ జులై 12న. నాయకత్వ ఎన్నికలో ఎంపీల నామినేషన్లు లేకుండానే ఆయన మళ్లీ పోటీ చేయొచ్చా? పార్టీ జాతీయ కార్యవర్గం రహస్య ఓటింగులో 18–14తో చేయొచ్చంది. నా లెక్కలో తిరుగుబాటు అక్కడే చప్పబడింది. సెప్టెంబరులో పార్టీ సభ్యులు, మద్దతుదారులు ప్రత్యర్థి ఓవెన్ స్మిత్‌ను కాదని 61.8 శాతం ఓట్లతో ఆయన్నే ఎన్నుకున్నారు. ఈయనతో జనంలో గెలవలేమన్న ఎంపీల వాదనకు 2017 సార్వత్రిక ఎన్నికలు సగమే జవాబు: లేబర్‌కు 30 సీట్లు పెరిగాయి, అధికారం రాలేదు. నిన్నటి పోస్టులో 2019 ఎన్నికల ఓటమి గురించిన పేరాలో మార్పు లేదు.