లైన్‌మన్ దేహానికి విలువ కట్టండి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ లైన్‌మన్, అంటే ప్రత్యర్థి దాడిని ముందు వరుసలో నిలిచి ఢీకొనేవాడు, ఒంట్లో సత్తా ఉండగానే తనంత తానుగా ఆట మానుకోవడం అరుదు. మోకాలో భుజమో మొరాయించాకో, జట్టు వదిలించుకున్నాకో ఇంటిదారి పట్టేవారే ఎక్కువ. లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ ఆటగాడు ఆరోన్ డొనాల్డ్ మాత్రం 2024 మార్చి 15న, 32 ఏళ్ల వయసులో, ఒప్పందం ఇంకా మిగిలి ఉండగానే సెలవు తీసుకున్నాడు. ఆడింది పది సీజన్లు, పదింటిలోనూ మేటి ఆటగాళ్ల జట్టయిన ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. ప్రత్యర్థి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టిన శాక్‌లు 111. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడిగా 2017, 2018, 2020లలో మూడుసార్లు నిలిచాడు. అతని నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. ఆ వెసులుబాటు అతని పక్కనే నిలబడి ఆడినవారికి ఎందుకు లేదని లీగ్‌ను అడుగుతున్నాం.

డొనాల్డ్ పిట్స్‌బర్గ్ బిడ్డ. పన్నెండేళ్ల వయసు నుంచే తండ్రి తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి ఇంటి నేలమాళిగలో బరువులు ఎత్తించేవాడు. చదువు పెన్ హిల్స్ హైస్కూల్లో, తర్వాత పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో. 2013లో కాలేజీ ఫుట్‌బాల్ ఇచ్చే నాగుర్‌స్కీ, బెడ్నారిక్, ఔట్‌లాండ్, లొంబార్డీ పురస్కారాలు నాలుగూ గెలిచాడు. అయినా జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2014 డ్రాఫ్ట్‌లో పన్నెండు మంది తర్వాతే అతని పేరు పిలిచారు. అప్పటికి సెయింట్ లూయిస్‌లో ఉన్న ర్యామ్స్ సైతం రెండో ఎంపికను మరొకరికి ఖర్చు చేసి, 13వ ఎంపికతో ఇతన్ని తీసుకుంది. వంక పెట్టింది కొలతలకే. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళానికి కాస్త తక్కువ, బరువు 285 పౌండ్లు, అంటే 129 కిలోలు. లోపలి లైన్‌లో, అంటే వరుస మధ్యలో, 300 పౌండ్లు దాటిన భారీకాయులకే గిరాకీ. 40 గజాలను 4.68 సెకన్లలో పరుగెత్తినా, 225 పౌండ్ల బార్‌ను 35 సార్లు ఎత్తినా ఆ అనుమానం పూర్తిగా పోలేదు.

ఆ కొలతే అతనికి వరమైంది. ఎందుకో తెలియాలంటే లైన్‌లో జరిగేది దగ్గరగా చూడాలి. డొనాల్డ్ ఎక్కువగా నిలబడే చోటును ‘త్రీ టెక్నిక్’ అంటారు. ఎదుటి వరుసలో అడ్డుకునే గార్డ్ బయటి భుజానికి సూటిగా నిలిచి, అతనికీ పక్కనుండే టాకిల్‌కూ మధ్య సందు మీద కన్నేయాలి. చూపు బంతి మీదే ఉండాలి. క్వార్టర్‌బ్యాక్ గొంతు పెంచి అరిచే అరుపుకు మోసపోయి గీత దాటితే 5 గజాల పెనాల్టీ. బంతి కదలగానే వేసే మొదటి అడుగు పొట్టిగా, నేలను రాసుకుంటూ పడాలి. రెండో అడుగు నేల తాకేలోపే చేతులు పని మొదలుపెట్టాలి. గార్డ్ రెండు అరచేతులూ ఛాతీ కవచం మీద కుదురుకుంటే ఆ ఆటకు అంతే సంగతులు. అందుకే ఆ చేతులు చేరేలోపే మణికట్టు మీదో మోచేయి మీదో కొట్టి పక్కకు నెట్టాలి. వెంటనే దగ్గరి చేతిని ప్రత్యర్థి చంక కిందుగా పైకి దూర్చి, నడుమును క్వార్టర్‌బ్యాక్ వైపు తిప్పాలి. ఇదంతా ముగియడానికి ఉన్న వ్యవధి రెండున్నర సెకన్లు. చేతుల వేగం కోసం డొనాల్డ్ ఉత్తుత్తి కత్తులు పట్టిన శిక్షకుడితో సాధన చేసేవాడు. చేయి ఒక్క క్షణం ఆలస్యమైనా కత్తి ఒంటికి తగులుతుంది.

తప్పు జరిగేది ఎక్కువగా నడుము దగ్గరే. లేస్తూనే నిటారుగా నిలబడ్డ లైన్‌మన్ ఎంత బలశాలి అయినా వెనక్కి పోతాడు. కబడ్డీలో నడుం వంచకుండా పట్టుకు పోయినవాడి గతే అతనిదీ. ఢీకొన్న చోటే పాదాలు ఆపేయడం రెండో తప్పు. శాక్ ఆశతో తన సందు వదిలి లోపలికి దూకడం మూడోది. ఖాళీ అయిన ఆ సందులోంచే క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తి పది గజాలు తెచ్చుకుంటాడు. పొట్టివాడు కాబట్టి డొనాల్డ్ భుజాలు మొదటినుంచే ఎదుటివాడి కన్నా కింద ఉండేవి. పెద్దగా కష్టపడకుండానే దక్కిన ఈ లాభానికి అతను వేగాన్ని జోడించాడు. 2018లో 20.5 శాక్‌లు చేశాడు (ఇద్దరు కలిసి పడగొడితే తలా అర). లోపలి లైన్‌లో ఆడేవారు ఒక సీజన్‌లో అన్ని చేసిన దాఖలా అంతకుముందు లేదు.

అంకెల్లోకి ఎక్కని పని ఇంకా పెద్దది. అడ్డుకునే ఇద్దరు బ్లాకర్లు ఒక్కడి మీద పడితే, అతను ఒక మోకాలు దించి జరగకుండా నిలబడితే చాలు. అవతల సహచరులకు ఒంటరి పోటీ దొరుకుతుంది. ఆ శాక్ ఇంకొకరి ఖాతాలో పడుతుంది. 2022 ఫిబ్రవరి 13న ఇంగిల్‌వుడ్‌లో సిన్సినాటి బెంగాల్స్‌తో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, ర్యామ్స్ చేసిన ఏడు శాక్‌లలో డొనాల్డ్‌వి రెండు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటితేనే బంతి నిలుస్తుంది. చివరి నిమిషంలో బెంగాల్స్‌కు కావలసింది ఇంకా ఒక్క గజం. మూడో ప్రయత్నంలో బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ పెరీన్‌ను డొనాల్డ్ అక్కడికక్కడే ఆపాడు. నాలుగో ప్రయత్నంలో క్వార్టర్‌బ్యాక్ జో బరోను పట్టి గిర్రున తిప్పాడు. బంతి నేలపాలైంది. ర్యామ్స్ 23-20తో గెలిచింది. మ్యాచ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం విసిరిన బంతిని అందుకునే రిసీవర్ కూపర్ కప్‌కు దక్కింది. కూపర్ కప్ అర్హత మీద మాకు అనుమానం లేదు. లైన్‌మన్ పనిని తూచే తరాజు ఈ ఆటలో ఇంకా తయారు కాలేదన్నదే మా బాధ.

డొనాల్డ్ మచ్చ లేనివాడని అనడం లేదు. అదే ఏడాది ఆగస్టులో బెంగాల్స్‌తో ఉమ్మడి సాధనలో తలెత్తిన గొడవలో హెల్మెట్ చేతబట్టి ప్రత్యర్థుల మీద ఝళిపించడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

డబ్బు విషయంలో డొనాల్డ్ మొహమాటపడలేదు. 2017లో సీజన్‌కు ముందు జరిగే సాధన శిబిరానికి రాకుండా ఉండి మొదటి మ్యాచ్ వదులుకున్నాడు. 2018లోనూ సంతకం అయ్యేదాకా అడుగుపెట్టలేదు. చివరికి ఆరేళ్లకు 13.5 కోట్ల డాలర్ల పొడిగింపు సాధించాడు. 2022లో దాన్ని సవరించి, మూడేళ్లలో 9.5 కోట్లు అందేలా చేసుకున్నాడు. అత్యాశ అన్నవారున్నారు. మేం అలా అనుకోవడం లేదు. ఈ లీగ్‌లో ఒప్పందం మీద రాసిన మొత్తమంతా చేతికొస్తుందన్న హామీ లేదు. హామీ లేని భాగం జట్టు తీసేసిన రోజే ఆవిరవుతుంది. బేరమాడే బలం ఉన్నప్పుడే ఆడాలి. ఆ బలం లేనివారి సంగతి చూడాల్సింది ఆటగాళ్ల సంఘం, లీగ్.

చూస్తున్నది ఎంత? మూడు సీజన్లు లెక్కలోకి వచ్చిన ఆటగాడికి ఆట మానేశాక ఐదేళ్ల ఆరోగ్య బీమా ఉంటుంది. లైన్‌మన్ మోకాళ్లు, వెన్ను అసలు పీడించేది ఆ ఐదేళ్లు గడిచాకే. ఇక తల సంగతి. రిసీవర్‌కు తగిలేది ఎప్పుడో ఒక పెద్ద దెబ్బ. లైన్‌మన్‌కు దాదాపు బంతి కదిలిన ప్రతిసారీ తగిలేది చిన్న దెబ్బే, స్పృహ తప్పించదు, కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లీగ్ మాజీ ఆటగాళ్ల 111 మెదళ్లను పరీక్షిస్తే 110లో సీటీఈ అనే, పదేపదే తల దెబ్బలతో ముడిపడిన మెదడు క్షీణత కనిపించింది. అనుమానమున్న కుటుంబాలు దానం చేసిన మెదళ్లు కనుక దాన్ని ఆటగాళ్లందరి నిష్పత్తిగా చూడకూడదు. అలాగని పక్కన పడేయదగ్గ అంకె కూడా కాదు.

2021లో సీజన్‌ను 16 మ్యాచ్‌ల నుంచి 17కు పెంచారు. ఇప్పుడు 18 అంటున్నారు. ఒక్క మ్యాచ్ అంటే లైన్‌మన్‌కు మరో యాభై ఢీలు. పెంచాలనుకుంటే ముందు మూడు పనులు చేయాలి. లైన్‌మన్‌లకు ఆట తర్వాతి బీమాను ఐదేళ్లతో ఆపకుండా జీవితాంతం ఇవ్వాలి. సీజన్‌లో కవచాలతో చేసే సాధనలను ఇప్పుడున్న 14 నుంచి తగ్గించాలి. శిబిరాల్లో 2022 నుంచి లైన్‌మన్‌లకు తప్పనిసరి చేసిన హెల్మెట్ పైన తొడిగే మెత్తటి గార్డియన్ క్యాప్‌ను, మ్యాచ్‌లో వేసుకోవాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టానికి వదిలేయకుండా తప్పనిసరి చేసే దిశగా కదలాలి. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2030 సీజన్ వరకు ఉంది. ఈ మూడూ కాగితం మీదికి వచ్చేదాకా 18వ మ్యాచ్‌కు ఆటగాళ్ల సంఘం తలూపకూడదు.