రాయి అబద్ధం చెప్పదు

సమాజాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేయడానికి అడ్డొస్తున్నది మనుషులే. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. పొయ్యి వెలిగించింది కలెక్టరా, కాంట్రాక్టరా అని ఆరా తీయవు. మనుషులకు ఆ క్రమశిక్షణ ఎప్పుడూ లేదు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఆగస్ట్ కోంత్ అనే తత్వవేత్త ఈ సమాజశాస్త్రానికి మొదట ‘సామాజిక భౌతికశాస్త్రం’ అని పేరు పెట్టుకున్నాడు. పాపం, ఆయనకు మా పెద్దమ్మతో పరిచయం లేదు.

2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. రాష్ట్రమంతా ఒక్కరోజులో. దాదాపు 4 లక్షల మంది సిబ్బంది, ఆఫీసులకు సెలవు, బస్సులు బంద్. ఎవరెక్కడ ఉంటున్నారో తేల్చే సర్వే కదా, అందుకని జనం ఉంటున్న చోటు వదిలేసి సొంతూళ్లకు బయల్దేరారు. ముంబై నుంచి, సూరత్ నుంచి కూడా. దసరాకు రాని కొడుకులు సర్వేకు వచ్చారు. గమనిస్తే కణం కదులుతుందని ఫిజిక్స్‌వాళ్లు చెబుతారు. గమనిస్తారట అని తెలిసి ముందురోజే బస్సెక్కే కణాన్ని వాళ్లు చూసి ఉండరు.

మా ఊళ్లో ఫారం పట్టుకొచ్చింది బడి సారు. “ఫ్రిజ్ ఉందా అమ్మా?” అన్నాడు.

“ఉందంటే ఏమైతది సారూ, లేదంటే ఏమైతది?” అంది పెద్దమ్మ.

ఆ సంగతి సారుకే తెలియదు. వంటింట్లో ఫ్రిజ్ మాత్రం గుర్రుమంటూనే ఉంది.

2011 జనగణనలో దాదాపు 83 లక్షలున్న కుటుంబాలు ఈ సర్వేలో కోటి దాటాయి. మూడేళ్లలో అన్ని పెళ్లిళ్లు జరిగాయా? ఏమో గానీ, పథకం కుటుంబానికి ఒకటే అని చెవిన పడితే మాత్రం ఇల్లు రెండు పొయ్యిలవుతుంది. సారు వీధి మలుపు తిరిగాక మళ్లీ అందరికీ ఒకే కుండలో అన్నం. దీన్ని అబద్ధమంటే నేనొప్పుకోను. ప్రశ్న కన్నా ప్రశ్న వెనకున్నది జనానికి ముందు వినబడుతుంది, అంతే.

ఎగ్జిట్ పోల్స్ సంగతి చెప్పేదేముంది! 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎన్డీఏకు సీట్లు 350 దాటుతాయని చాలావరకు తేల్చేశాయి. వచ్చినవి 293. ఒక సర్వే పెద్దమనిషి టీవీ లైవ్‌లో కన్నీళ్లు పెట్టుకున్నాడు. థర్మామీటర్ మోసం చేసిందని ఏడ్చిన డాక్టర్‌ను నేనింతవరకు చూడలేదు.

అదే ఏడాది నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే. ఈసారి 75 ప్రశ్నలు. పది దాటకముందే పెద్దమ్మకు విసుగొచ్చింది.

“పోయినసారి ఏం చెప్పిన్నో జర చూసి చెప్పుండ్రి సారూ, గదే రాసుకోండ్రి.”